మోతి ప్రయాణం, యాకమ్మ పెరుగన్నం

2023 వేసవి మొదట్లో సంగతి. సుబేదారిలోని మా పశువైద్య క్లినిక్‌కు వచ్చేవి ఎక్కువగా ఏసీ గదుల్లో పెరిగిన కుక్కలే. వాటి మధ్య ఆ రోజు తొర్రూరు దగ్గరి పల్లె నుంచి వచ్చిన గొర్రెల కాపరి కొమురయ్య కూర్చున్నాడు. భుజాన గొంగడి, పక్కన మోతి అనే నల్ల కుక్క.

ఏటా ఎండాకాలం ఆయన మందను మేతకు ములుగు దిక్కు నడిపించుకుపోతాడు. ఈసారి మోకాలు మొరాయించింది. గొర్రెలను డీసీఎం బండిలో, అంటే చిన్న లారీలో తరలించాలి, పది రోజులే గడువు. మోతి మాత్రం బండెక్కితే చాలు, వణికి, కక్కుకొని, కిందికి దూకేస్తోంది.

"ఇది లేకుంటే అడవిల మందను కాసుడు నాతోని కాదు మేడం. ఇది రాకుంటే నేను గూడ పోను. ఇక్కడ మేత లేదు, ఇగ గొర్లను అమ్ముకునుడే," అన్నాడు.

ఇది మోషన్ సిక్‌నెస్, అంటే ప్రయాణంలో కడుపులో తిప్పడం, దానికి భయం తోడైందని చెప్పాను. సెడేషన్ ఇద్దాం, మత్తులో పడుకొని పోతుంది అన్నాను.

"మత్తుల దిగిన కుక్క మందనేం కాస్తది మేడం?"

ఇన్నేళ్ల ప్రాక్టీసులో నాకు తట్టని మాట అది.

మత్తు మాట వదిలేసి పద్ధతి చెప్పాను. ముందు ఆపి ఉన్న బండిలో రోజూ కాసేపు కూర్చోబెట్టాలి. తర్వాత ఇంజను వేసి, ఆ తర్వాత ఊరి చివరిదాకా తిప్పాలి. బయల్దేరడానికి ఆరు గంటల ముందు నుంచి తిండి బంద్, నీళ్లు కొద్దిగా. రేబీస్ టీకా కూడా వేసి పంపాను.

కొమురయ్య నేను చెప్పినదానికంటే ఎక్కువే చేశాడు. బండిలో తన గొంగడి పరిచాడు. మోతితోపాటు పెరిగిన మేకపోతును పక్కన కట్టేశాడు. మూడో రోజుకు మోతి దానంతటదే ఎక్కిందట. శభాష్ అనుకున్నాను.

ఆరో రోజు పొద్దున పాలకుర్తి దాకా ట్రయల్‌కు పోయారు. గంటలో ఫోన్. "మళ్ల కక్కింది మేడం. ఇప్పుడు బండి మొఖం చూస్తలేదు."

నాకు ఒళ్లు మండింది. కారేసుకొని వాళ్లింటికే పోయాను. చూస్తే బండిలోని గొంగడి నిండా కక్కిన పెరుగన్నం. "తిండి పెట్టొద్దని చెప్పలేదా కాకా?" అని గద్దించాను. ఆయన బిత్తరపోయాడు. ఇంట్లోంచి ఆయన భార్య యాకమ్మ వచ్చింది.

"నేనే పెట్టిన బిడ్డా. ఊరికి పోయేటోళ్లను ఉత్త కడుపుతోని ఎట్ల పంపుత? మా ఆయన ఎన్నడు పోయినా పెరుగన్నం తిన్నంకనే గడప దాటుతడు. దానికి గూడ గంతే."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుక్కను పట్టుకొచ్చిన మనిషికి చెప్పి నా పని అయిపోయిందనుకున్నాను. "కడుపు ఖాళీగా ఉంటేనే ప్రయాణంలో దానికి సుఖం అమ్మా, దిగినాక పెట్టాలి," అని నెమ్మదిగా చెప్పాను. ఆమె చాలాసేపు మోతి తల నిమిరి, సరేనంది. ఉన్న నాలుగు రోజుల్లో అంతా మొదటి నుంచి మొదలుపెట్టారు.

పదో రోజు మధ్యాహ్నం యాకమ్మే ఫోన్ చేసింది.

"మోతి మంచిగ దిగిందట బిడ్డా. ఒక్కసారి గూడ కక్కలేదట. నేను డబ్బల కట్టిచ్చిన పెరుగన్నం తిని మంద సుట్టు తిరుగుతాందట."

సంతోషం పట్టలేక, "మరి నువ్వు తిన్నావా అమ్మా?" అని మాటవరసకు అడిగాను.

"ఇగ తింట. అది ఉత్త కడుపుతోని పోతాంటే నాకు ముద్దెట్ల దిగుతది? ఫోనొచ్చేదాక ఆగిన."

ఇప్పుడు కుక్కతో ప్రయాణమంటూ ఎవరొచ్చినా ముందు ఒకటే అడుగుతాను: ఇంట్లో దీనికి అన్నం పెట్టేదెవరు? ఆ మనిషితో మాట్లాడేదాకా మందుల చీటీ రాయను.