మూడు షిఫ్టులు, మూడు పేర్లు

1996. కువైట్‌లో ఎముకలు విరిగినవాళ్లని చూసే ఆర్థోపెడిక్ వార్డులో నేను స్టాఫ్ నర్సుని. పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి వచ్చి అప్పటికి నాలుగేళ్లు. ఆ వేసవిలో ఊళ్లోనే జాబ్రియా అనే పేట నుంచి ఒక లెబనాన్ పెద్దాయన తుంటి ఎముక విరిగి వచ్చాడు. ఎనభై ఎనిమిదేళ్లు. కూతురు సల్మా ఇక్కడ టీచరు. 1930లలో వాళ్ల దేశపు కమ్యూనిస్టు పార్టీని నిలబెట్టిన నాయకుల్లో నాన్న ఒకడని చెప్పింది. నేను పట్టించుకోలేదు. నాకు కావలసింది ఆయన బీపీ, షుగరు.

రోజూ ఓరియెంటేషన్ చూడాలి. అంటే రోగికి తనెవరో, ఎక్కడున్నాడో తెలుస్తోందా అని నాలుగు ప్రశ్నలడిగి రాసుకోవడం.

"పేరేంటి బాబా?"

"సలీం. దర్జీని."

"ఇంట్లో ఎవరుంటారు?"

"ఎవరూ లేరు."

కూతురు పక్కనే నిలబడి ఉంది. ఆయన పేరు సలీం కాదు, సూది పట్టిన మనిషీ కాదు. 'కన్‌ఫ్యూజ్డ్' అని రాసేశాను.

వారం తిరిగేసరికి సర్జన్ ఆ ఫైలు చూశాడు. "ఆపరేషన్ తర్వాత చెప్పింది విని నడవాలి. మతి లేని మనిషికి ఏం చెప్తాం? మంగళవారం ఇంకోసారి చూసి తేలుస్తా" అన్నాడు. ఆపరేషన్ లేకపోతే ఆయన ఇక మంచం దిగడు. సల్మా గోడవైపు తిరిగి ఏడ్చింది. ఆ మాట రాసింది నేనే.

సోమవారం నా తర్వాత డ్యూటీకి నరసాపురం వజ్రమ్మక్క వచ్చింది.

"ఇల్యాస్ గారికి నొప్పెలా ఉందే?"

"ఇల్యాస్ ఎవరక్కా? నాతో సలీం అంటాడే!"

"నాకు మొదట్నించీ ఇల్యాసనే చెప్తన్నాడు. తోటమాలంట."

షీట్లన్నీ ముందేసుకున్నాం. పొద్దున సలీం, మధ్యాహ్నం ఇల్యాస్, రాత్రి నర్సుకి హన్నా. వారంలో ఒక్కసారి కూడా తారుమారు కాలేదు. మతి పోయినవాడు ఇంత పద్ధతిగా అబద్ధమాడతాడా?

సల్మాని అడిగాను. "అజ్ఞాతంలో తిరిగినప్పటి పేర్లు అవి. ఎవరు పట్టుబడినా గుట్టు బయటపడకూడదని మనిషికో పేరు చెప్పేవాడట. నాన్న మళ్లీ ఆ రోజుల్లోకి వెళ్లిపోయాడనుకున్నాను."

అప్పుడు అర్థమైంది నాకు. యూనిఫాం వేసుకుని, చేతిలో కాగితంతో, నీ పేరేంటి, ఇంట్లో ఎవరున్నారు అని నిలబడి అడిగినవాళ్లు ఆయన బతుకులో పోలీసులే. ఆయన మా నుంచి కూతుర్ని దాచుకుంటున్నాడు.

డ్యూటీ దిగినా వెళ్లలేదు. ఫైలు బయట పెట్టి, ఆయన మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చీరాని అరబ్బీలో నా పేరు, మా ఊరు, మా అమ్మ పేరు చెప్పాను. నేనేం రాశానో, రేపు దానివల్ల ఏమవుతుందో దాచకుండా చెప్పాను.

"ఆ కాగితం ఎవరికి చేరుతుంది?" అన్నాడు.

"మీ కాలు బాగుచేసే డాక్టరుకి."

"రాసింది మారుస్తావా?"

"మారుస్తాను. తప్పు నాదేనని డాక్టరు ముందే ఒప్పుకుంటాను."

మర్నాడు ఒప్పుకున్నాను. సర్జన్ విసుక్కున్నాడు. "నువ్వు నర్సువా, లాయరువా?"

"మీరే అడగండి సార్. కాకపోతే కూర్చుని అడగండి."

గొణుక్కుంటూనే కూర్చున్నాడు. పెద్దాయన నా వైపోసారి చూసి, తన అసలు పేరు, వార్డు, నెల తడుముకోకుండా చెప్పాడు. ఇంట్లో ఎవరుంటారని సర్జన్ అడిగాడు.

"నా కూతురు సల్మా" అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆపరేషన్‌కి ఒప్పుకునే కన్సెంట్ ఫారం మీద సొంత పేరుతో సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయిన మూడో రోజు వాకర్ పట్టుకుని, "యల్లా! పద పద!" అంటూ నాకంటే ముందే అడుగేశాడు.

ఆ తర్వాత ఎన్ని వార్డులు మారినా, కొత్త రోగి దగ్గర ముందు కూర్చుని నా పేరు చెప్తాను. పెన్ను ఆ తర్వాతే తీస్తాను.