మల్లెచెట్టుకు నీళ్లు ఆపిన చలికాలం

పెళ్లయి కొత్తగూడెం గనుల క్వార్టర్స్‌కు కాపురానికి వచ్చేనాటికి నాకు వంట అంతంతమాత్రమే. చెట్లకు నీళ్లు పోయడం మాత్రం బాగా వచ్చు. దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డున మా నాన్న మిరప, వంగ పండించేవాడు. పక్కనే నది పారుతున్నా నీళ్ల దగ్గర ఆయన మహా పిసినారి. రోజులు చూసి కాదు, మట్టి చూసి నీళ్లు పెట్టాలనేవాడు. మట్టిలో వేలు గుచ్చితే తడి అంటిందా, ఆ మొక్క జోలికి పోకూడదు. పొడిగా ఉంటే మాత్రం వేరు దాకా దిగేలా నిండుగా పోయాలి. ఆ మడుల్లోనే నడక నేర్చినదాన్ని, ఈ విద్య నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేకపోయింది.

ఎనభైల మొదట్లో సంగతి. మా ఆయన భూమి లోపల పని చేసేవాడు. రెండు గదుల క్వార్టర్, ముందు చిన్న వాకిలి. మా అత్తమ్మ మాతోనే ఉండేది. ఆమెది కరీంనగర్ వైపు మెట్ట ఊరు. వాకిట్లో ఒక గుండుమల్లె, ఒక కరివేపాకు చెట్టు, డబ్బాల్లో టమాటాలు, ముందు గదిలో పాత నూనె డబ్బాలో ఒక క్రోటన్ ఆమె పెంచినవే. పొద్దున నల్లా రాగానే ఒకసారి, పొద్దుగూకే వేళ ఒకసారి అన్నిటికీ చెంబులతో పోసేది. ఎండ ఎరగని ముందుగది క్రోటన్‌కూ అంతే, నిప్పులాంటి వాకిట్లో ఉన్న టమాటాకూ అంతే. కరివేపాకు పసుపుపచ్చగా మారింది. క్రోటన్ ఆకులు రాలుస్తోంది. మల్లె గుబురుగా పెరిగింది గానీ, ఎండాకాలం వచ్చినా గుప్పెడు మొగ్గలు వేయలేదు.

నీళ్లు ఎక్కువైనాయని నేను చెబితే అత్తమ్మ నమ్మలేదు. నీళ్లు లేక చచ్చిన చెట్లను చూసింది గానీ, నీళ్లు తాగి చచ్చినదాన్ని ఎన్నడూ చూడలేదంది. వాదన పెంచకుండా ఒక్క మల్లెచెట్టును నాకు వదిలేయమన్నాను. కొత్త కోడలి ముచ్చట అనుకుందేమో, సరేనంది.

చలి మొదలవగానే మల్లెకు నీళ్లు ఆపేశాను. చెట్టు మొదట్లో ఎండిన మట్టిని గుల్ల చేసి వదిలాను. ఆకులు వాడి, రాలడం మొదలైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు గోడ మీదుగా చూసి, పచ్చని చెట్టును ఎండబెడుతోందని గుసగుసలాడారు. నాకేమీ బెంగ లేదు. ఏటా మా ఇంటి మల్లెకు అమ్మ ఇట్లాగే చేసేది.

ఒకరోజు పొద్దున చెట్టు మొదట్లో మట్టి తడిగా కనిపించింది. ఆ పక్కనే అత్తమ్మ బియ్యం కడిగిన గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. దాచుకోలేదు.

"పాణం ఒప్పలే బిడ్డా," అంది. "మా ఊర్ల కరువచ్చినప్పుడు బాయిల చారెడు నీళ్లు లెవ్వు. మా బర్రె నా కండ్ల ముందట్నే నాలుక ఎల్లబెట్టి పడిపోయింది. గీడ నల్లా తిప్పితె నీళ్లొస్తున్నయ్. ఉండి గూడ పొయ్యకపోతె పాపం గాదా?"

ఆమె పొద్దూ మాపూ చెంబు పట్టుకుని ఎందుకు తిరుగుతుందో నాకు అప్పుడు అర్థమైంది. కోపం రాలేదు. అట్లాగని నా పట్టూ వదల్లేదు.

"ఆకలి గాకముందే ముద్దలు కుక్కితే పిల్ల తింటదా అత్తమ్మా? దానికి ఇది నిద్రపొయ్యే కాలం. శివరాత్రి దాకా ఓపిక పట్టు. అప్పటికి చిగురు రాకపోతే మళ్లీ నీ చెట్టు నీదే."

ఆమె గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ నీళ్లతో దాని దగ్గరకు రాలేదు.

సంక్రాంతి వెళ్లాక కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, మొదట్లో పశువుల ఎరువు వేసి, అప్పుడు నిండుగా నీళ్లు పోశాను. శివరాత్రికి ముందే కణుపు కణుపునా చిగురు. భద్రాచలం బస్సులు నవమి జనంతో కిటకిటలాడే వేళకు చెట్టంతా మొగ్గలు. అత్తమ్మ కొంగు నిండా కోసుకుని, గుసగుసలాడిన ఇళ్లన్నిటికీ తానే తిరిగి పంచి వచ్చింది. ఆ మర్నాటి నుంచి నీళ్ల పని ఇద్దరం కలిసి చూశాం. క్రోటన్ మట్టి ఆరడానికి వారం పట్టినా దాని దగ్గరకు వెళ్లేవాళ్లం కాదు. టమాటా డబ్బాలకు మాత్రం మండే ఎండల్లో రెండు పూటలా పోయక తప్పేది కాదు. కరివేపాకు మెల్లగా పచ్చబడింది.

ఆ ఎండాకాలమే నీళ్లు ఎక్కించే మోటారు చెడిపోయి కాలనీలో నల్లాలు ఎండిపోయాయి. ట్యాంకర్ నీళ్లు తాగడానికే చాలేవి కావు. అప్పుడు నాకు తెలిసిన విద్య ఎక్కడా అక్కరకు రాలేదు. ఎక్కడ వేలు గుచ్చినా మట్టి పొడే, పోయడానికి నీళ్లు లేవు. అత్తమ్మ నడుం బిగించింది. ఎక్కడెక్కడి ఎండుటాకులూ ఊడ్చుకొచ్చి చెట్ల మొదళ్లలో మందంగా పరిచింది. డబ్బాలన్నీ గోడ నీడకు జరిపించింది. కూరగాయలు కడిగిన నీళ్లు, బియ్యం కడిగిన నీళ్లు చుక్క పారబోయనీయలేదు. ఆకులు పక్కకు జరిపి, వేరు దగ్గర పోసి, మళ్లీ కప్పేది. పక్కింటామెను పిలిచి ఆమె చేతా అట్లాగే చేయించింది. మా వాకిట్లో ఒక్క మొక్కా చావలేదు.

మోటారు బాగయ్యేలోపే ఒక సాయంత్రం మబ్బు కమ్మింది. నేను పొదుపు చేసిన నీళ్ల బకెట్ ఎత్తుకుని టమాటాల వైపు వెళుతుంటే, గుమ్మంలో కూర్చున్న అత్తమ్మ గాలి వాసన చూసి నన్ను ఆపింది.

"ఆ నీళ్లు లోపల పెట్టి, చాయ్ పెట్టు బిడ్డా. వాన ఇగ వస్తది."

నేను పొయ్యి వెలిగించేలోపు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.