ఆమేన్ తర్వాత తిరిగిన రోలరు

అరవైల చివర్లో, విజయనగరానికి కొంత దూరంలో ఉన్న ఒక చిన్న గోగునార కార్ఖానాలో నేను ఎలక్ట్రీషియన్‌ని. నారను మెత్తబరిచే యంత్రానికి జోడు రోలర్లు ఉండేవి. వాటికి నార చుట్టుకుపోతే మోటారు ఆపి, మూత ఎత్తి, చేత్తో పీకాలి. స్విచ్ ఆపినా రోలర్లు వెంటనే ఆగవు. బ్రేకు లేదు. నార పీకే ఆమె బాప్టిస్టు చర్చికి వెళ్ళే మనిషి. ఎంతసేపు ఆగాలో తెలియడానికి తనే ఒక పద్ధతి పెట్టుకుంది. స్విచ్ ఆపగానే పరలోక ప్రార్థన మొదలుపెట్టేది. ఆమేన్ అనేసరికి రోలర్లు ఆగేవి.

“నీ దేవుడు బ్రేకట్టుకుని కూసున్నాడేటే?” అని నార మోసే ఆమె ఎగతాళి చేసేది.

“మీ దేవుడికి నాలుగు సేతులున్నా ఒకటీ ఇటెట్టడు కదే” అని ఈమె జవాబు.

ఆ వేసవిలో రోలర్ల ఇరుసులకున్న పాత ఇత్తడి బుష్షులు తీసి, తేలిగ్గా తిరిగే బాల్‌బేరింగులు వేశాం. చప్పుడు తగ్గిందని అందరికీ సంతోషం. రోలర్లు ఆలస్యంగా ఆగుతున్నాయని నాకు అనుమానం వచ్చి వాచీ పట్టుకుని చూశాను. ఆమేన్ అయ్యాక ఇంకా ఆరేడు సెకన్లు తిరుగుతున్నాయి. నార దట్టంగా చుట్టుకున్న రోలరు మెల్లగా తిరుగుతుంటే ఆ దుమ్ములో కదలిక కంటికి ఆనదు. ప్రార్థన అయ్యాక ఆమె చేతులు పైటకు తుడుచుకుని అప్పుడు మూత ఎత్తేది. ఆలోగా రోలర్లు ఆగిపోయేవి.

అప్పుడే ఆమెకు చెప్పాల్సింది. కాని మేనేజరును బ్రేకు అడగాలంటే నా లెక్క గట్టిగా ఉండాలనుకున్నాను. వారం రోజుల కొలతలు తీసి సోమవారం ఇద్దామని నిశ్చయించుకున్నాను. రోజూ ఆమె వెనక నిలబడి సెకన్లు డైరీలో రాసుకున్నాను. ఐదో రోజు ప్రార్థన తొందరగా ముగిసినట్టు అనిపించింది. అదీ రాశాను.

మర్నాడు పొద్దున్న ఆమె మూత ఎత్తి చెయ్యి పెట్టినప్పుడు నా కళ్ళు వాచీ మీద ఉన్నాయి. కేక విని తలెత్తాను. మోటారు అప్పటికే ఆపి ఉంది. నేను ఆపడానికి ఇంకేమీ లేదు. రెండు వేళ్ళు పోయాయి.

ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, “చేతులైనా తుడుచుకోకుండా మూత ఎత్తేశావేమమ్మా?” అని అడిగాను.

ఆమె కట్టు కట్టిన చేతిని చూసుకుంది.

“నువ్వు గడియారమట్టుకుని నా పని కొలుస్తన్నావనుకున్నాను బాబూ. ఆలీసం సేస్తన్నానని రాసుకుంటే పనిలోంచి తీసేస్తారని, పార్దన గబగబా సదివేసినాను.”