పంచదార పోసిన పరీక్ష డబ్బా

పక్కింటి పిన్నిగారు పోయారని ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పారు. "ఆఁ" అన్నాను. ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న కాగితం పూర్తిచేసి, సంతకం పెట్టి, అమలాపురం బస్టాండుకి నడిచాను. మా ఊరు కొత్తపేట వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూనే కూచున్నాను గాని ఏం చూశావంటే చెప్పలేను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

"పొట్టేనాండీ?" అని దారిలో ఇద్దరు అడిగారు. పొట్ట కాదు, గుండె. ఎవరింట్లోనో వ్రతం వంటకని శనగపప్పు నానబోసుకుని నడుం వాల్చారట, లేవలేదు. పొట్ట సంగతి రెండేళ్ల కిందటే తేలిపోయింది. కానీ ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలిసింది ఆ పొట్ట గొడవలోనే. అందుకే అది రాస్తున్నాను.

పిన్నిగారు నాకు చుట్టం కాదు. గోడకి అటు ఆవిడ, ఇటు మేము. భర్త పోయాక ఇళ్లల్లో వంటలు చేసి కూతుర్ని పెంచి పెళ్లి చేశారు. సీమంతమైనా తద్దినమైనా మా వైపు పొయ్యి దగ్గర ఆవిడే. వండుతూ రుచి చూసేవారు కాదు. "దేవుడికి పెట్టకుండా నాలిక మీద వేసుకుంటానా? ముక్కుకి తెలీంది నాలిక్కేం తెలుస్తుందమ్మాయ్!" అనేవారు. పనసపొట్టు కూర మూత తీసి ఒక్కసారి గాలి పీల్చి "ఆవ చాల్లేదు" అనేవారు. అంత వాసనలో అదెలా తెలిసేదో, నాకు మాత్రం ఎప్పుడూ తెలిసేది కాదు.

ఇంకో మాట కూడా ఉండేది ఆవిడకి. "ఖాళీ గిన్నె గడప దాటకూడదు. ఏవీ లేకపోతే చిటికెడు పంచదారన్నా వేసివ్వాలి." ఆవిడ గిన్నెలో కందబచ్చలి కూర మా ఇంటికొచ్చేది, ఆ గిన్నె పంచదారతో వెనక్కి వెళ్లేది. నేను ఈ ఇంటికి కాపరానికి వచ్చినప్పటినుంచీ ఇదే వరస.

ఊరందరికీ వడ్డించి, ఆఖరి విస్తరి లేచాక తాను తినేవారు. కడుపులో మంట అందువల్లే అనుకుని మజ్జిగతోనూ జీలకర్రతోనూ గ్యాస్ బిళ్లలతోనూ ఏళ్లు నెట్టుకొచ్చారు. ఒకరోజు నొప్పికి గుమ్మంలోనే కూలబడిపోతే, బలవంతాన అమలాపురం తీసుకెళ్లాను. నోట్లోంచి గొట్టం వేసి చూస్తామంటే "ఆ పని నా వల్ల కాదండీ, మీ ఇష్టం" అని లేచి నిలబడిపోయారు. డాక్టరు నవ్వి, అయితే విరేచనం పరీక్ష చేయిద్దాం అన్నారు. పొట్టలో పుండు చేసే బాక్టీరియా ఒకటుంది, ఉంటే అందులో పట్టుబడిపోతుందన్నారు. కాకపోతే ముందు పదిహేను రోజులు గ్యాస్ బిళ్లలు ముట్టకూడదు, ముడితే ఉన్నది కూడా లేనట్టు చూపిస్తుందట. ఆ పదిహేను రోజులూ గోడ అవతల మూలుగు మాకు వినిపిస్తూనే ఉంది.

ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బా నా దగ్గరే ఉండిపోయింది. చిన్న ప్లాస్టిక్ డబ్బా, మూతకే చెంచా ఉంటుంది. పరీక్ష ముందు రోజు సాయంత్రం ఆవిడకి ఇచ్చొద్దామని బయల్దేరి, గడప దాకా వెళ్లి, వెనక్కి వంటింట్లోకొచ్చి, డబ్బా నిండా పంచదార పోసి పట్టుకెళ్లాను. ఆలోచించి చేసింది కాదు. చేతికి అలవాటు.

పిన్నిగారు మూత తీసి డబ్బా వంక చూశారు. తర్వాత నా వంక చూశారు.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! వాళ్లడిగిందేవిటి, నువ్వు పోసిందేవిటే!"

ఇక నవ్వు. నొప్పికి "అమ్మా" అనడం, పొట్ట పట్టుకుని మళ్లీ నవ్వడం. నేనూ గోడకి జారబడిపోయాను. ఇక ఆ డబ్బా పరీక్షకి పనికిరాదు, ఇంకోటి తెచ్చుకోవాల్సి వచ్చింది. "దీన్ని మాత్రం వెనక్కివ్వను. మనిషి తెచ్చిన పంచదార పారబోస్తానా?" అని దాన్ని పొయ్యి పక్క గూట్లో పెట్టుకున్నారు.

రెండో డబ్బాని కవరు మీద కవరు చుట్టి, ఆవిడ సంచీలోనే పెట్టుకుని బస్సెక్కాను. ఆ సంచీ బస్సులో అందరికీ తెలుసు. "పిన్నిగారేం పంపేరండీ, పులిహోరా?" అన్నాడు కండక్టరు. "మందండీ" అన్నాను. "ఆయ్" అని టిక్కెట్టు చింపాడు. వంటచేసే మనిషి పొట్టలో పురుగుందని తెలిస్తే ఊరు ఊరుకుంటుందా? ఆవిడ బతుకంతా ఆ చేతి మీదే కదా. అమలాపురంలో దిగేదాకా ఆ సంచీ ఒళ్లోంచి దించలేదు నేను.

ఉందనే వచ్చింది. డాక్టరు మందులు రాసి, చేతులు సబ్బుతో కడుక్కుని వండుకోవచ్చు, భయం లేదన్నారు. "ఎవరితోనూ అనకండి పిన్నిగారూ" అని దారంతా నూరిపోశాను. ఆవిడ తలూపారు. మర్నాడు పై వీధి పెద్దింటావిడ కోడలి సీమంతానికి వంట చెప్పడానికొస్తే, అరుగు మీద నా ఎదురుగానే చెప్పేశారు.

"నా పొట్టలో క్రిమి ఉందన్నారండీ. మందు వాడుతున్నాను. పోయిందని మళ్లీ పరీక్షలో తేలేదాకా పొయ్యి ముట్టనండీ. కడుపుతో ఉన్న పిల్ల తినేది కదండీ."

ఆవిడ అటు వెళ్లగానే నేను మండిపడ్డాను. "ఎందుకు చెప్పేరు? డాక్టరు వండుకోమన్నారు కదా!"

"తినేవాళ్లకి తెలియాలమ్మాయ్" అన్నారు. అంతే.

మందులయ్యాక నెల ఆగి మళ్లీ సంచీ, మళ్లీ బస్సు. ఈసారి లేదని వచ్చింది. ఆ సాయంత్రమే మా ఇంటికి కందబచ్చలి కూర వచ్చింది. కొందరు మళ్లీ పిలిచారు. సీమంతం ఇంటివాళ్లు పిలవలేదు. వాళ్లని చూసి ఆ వీధి వీధంతా పిలవలేదు. అన్నేళ్లు ఆవిడ చేతి కూడు తిన్న నోళ్లే! పిన్నిగారు ఒక్క మాట తూలలేదు. నాకు మాత్రం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిన్నిగారు పోయిన రోజు ఆ పెద్దింటావిడే వచ్చి, శవం దగ్గర కళ్లొత్తుకుంటూ "ఈవిడ చేతి పనసపొట్టు కూర ఇంకెవరు చేస్తారండీ" అంది. నేను అనాల్సింది చాలా ఉంది. జరిగి చోటిచ్చాను.

పన్నెండో రోజు భోజనాలకి ఎవరో కాంట్రాక్టు వాళ్లు వండారు. గరిటెలోది అరచేతిలో వేసుకుని నాకి రుచి చూస్తున్నారు. నేనూ విస్తరి ముందు కూచుని తిన్నాను. ఉప్పో పులుపో తెలియలేదు.

మర్నాడు తాటిపాక నుంచి వచ్చిన కూతురు ఇల్లు సర్ది, తాళం వేస్తూ నన్ను పిలిచింది.

"అక్కా, ఇది అమ్మ గూట్లో ఉందండీ. మీద ల్యాబ్ కాగితం, లోపల పంచదార. ఒక్క చెంచా తీసినట్టు కూడా లేదు. మీదాండీ?"

"నాదేనమ్మా" అన్నాను.

ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టాను. అక్కడే పిన్నిగారి స్టీలు గిన్నె కడిగి బోర్లించి ఉంది. ఆవిడ పోయే ముందు రోజు కూర వచ్చిన గిన్నె. ఇచ్చెయ్యాలి కదా అని, డబ్బాలో గడ్డకట్టిన పంచదార చెంచాతో గీరి గిన్నెలో వేసి గడప దాటాను. వెళ్లి చూస్తే తలుపుకి తాళం. అది వేస్తున్నప్పుడు పక్కనే నిలబడ్డదాన్ని నేనే.

గిన్నె పక్కన పెట్టుకుని ఆవిడ అరుగు మీద కూచున్నాను. కాసేపటికి చీమలు వచ్చాయి.