రెండు బ్రేకుల ఓడ

మా మామయ్యకు ఏ సంగతీ మధ్యలోంచి చెప్పడం రాదు. మొదటి నుంచే చెప్పాలి. వీధిలో ఎవరైనా పోస్టాఫీసు ఎటని అడిగితే, ముందు ఆ మనిషిని రోడ్డు పక్కకు జరిపి, వెనక బండ్లేమైనా వస్తున్నాయేమో చూసుకోమని, అప్పుడుగాని దారి చెప్పేవాడు కాదు. ఆలోగా పోస్టాఫీసు మూసేసేవారు.

ఆయన జీవితమంతా కారు నడపడం నేర్పాడు. ఆ కారుకు రెండు బ్రేకులు, నేర్చుకునేవాళ్ళ కాలికింద ఒకటి, పక్కసీట్లో కూర్చున్న మామయ్య కాలికింద ఒకటి. మొదటిది అలంకారానికి, రెండోది ప్రాణానికి అని ఊళ్ళో అనుకునేవారు. మొదటిరోజు తాళంచెవి చూపించేవాడే కాదు. తలుపు తీయడం, కూర్చోవడం, సీటు సరిచేసుకోవడం, అద్దం తిప్పుకోవడం, అన్నీ అయ్యాక "వెనక చూసుకున్నారా?" అని అడగడం. వెనక గోడ తప్ప ఏమీ ఉండదు. అయినా చూడాలి. లారీలు నడిపి నడిపి జుట్టు నెరిసిన డ్రైవరొకాయన లైసెన్సు పోగొట్టుకుని మళ్ళీ పరీక్షకు వస్తే, ఆయనకూ తలుపు తీయడం దగ్గరే మొదలుపెట్టాడు. పాపం ఆ పెద్దాయన నోరెత్తకుండా నేర్చుకున్నాడు.

పెళ్ళి మాట దాకా వచ్చిన ఒకావిడను మామయ్య షికారుకు తీసుకెళ్ళాడు. ఆవిడకు డ్రైవింగు వచ్చు. ఆ సంగతి మామయ్యకూ తెలుసు. అయినా సీటుబెల్టు దగ్గర మొదలుపెట్టాడు. అద్దం దాకా వచ్చేసరికి ఆవిడ బెల్టు విప్పుకుని దిగి వెళ్ళిపోయింది. మామయ్యకు ఆవిడ మీద ఎప్పుడూ కోపం లేదు. "దిగేముందు వెనక చూసుకుని దిగింది. బంగారంలాంటి మనిషి" అనేవాడు. ఆ తర్వాత పెళ్ళి సంగతి ఎవరూ ఎత్తలేదు.

నాకు కూడా ఆయనే నేర్పాడు. నాకో చెడ్డ అలవాటుండేది. బండి కదలకముందే స్టీరింగు గిరగిరా తిప్పేసేదాన్ని. "నిలబడ్డ బండికి చక్రం తిప్పకే అమ్మడూ, టైర్లు ఏడుస్తాయి" అని మొత్తుకునేవాడు. టైర్లు ఏడ్చాయో లేదో గాని, ఆయన మాత్రం ఏడ్చినంత పని చేశాడు. నా అలవాటు పోలేదు.

తర్వాత ఆయన మోకాళ్ళు మొరాయించాయి. కారును తుక్కు కింద అమ్మేశాడు. అమ్మేముందు పక్కసీటునూ, రెండో బ్రేకునూ మాత్రం ఊడదీసి తన గదికి తెచ్చుకున్నాడు. సీటును కంప్యూటరు ముందు వేసుకున్నాడు. బ్రేకును బల్లకింద చెక్కకు బిగించుకున్నాడు. అది దేనికీ తగిలించి లేదు. ఎందుకు మామయ్యా అంటే, కాలికి తోచొద్దా అన్నాడు.

సరిగ్గా అప్పుడే నాకు వేరే ఊళ్ళో కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం వచ్చింది. వచ్చినవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, అది బాగుందా అని అడగడం నా పని. పొద్దంతా అదే ప్రశ్న. దుకాణం మూశాక నాతో మాట్లాడేవాళ్ళు లేరు. మూడో అంతస్తులో ఒంటిగది, పక్క ఇంటి గోడవైపు తెరుచుకునే కిటికీ, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొందామని చాలాసార్లు అనుకున్నాను. ఎవరు కూర్చుంటారని మానేశాను.

ఆదివారాల్లో మామయ్య ఫోన్ చేసేవాడు. బాగున్నావా అనేవాడు. బాగున్నాను, నువ్వు బాగున్నావా అనేదాన్ని. బాగానే ఉన్నాననేవాడు. ఇద్దరం అబద్ధం చెప్పేసి ఫోన్ పెట్టేసేవాళ్ళం. జీవితమంతా పక్కపక్క సీట్లలో కూర్చుని రోడ్డు చూస్తూ మాట్లాడుకున్నవాళ్ళం. చెవికి ఫోను పెట్టుకుంటే మాకు మాట పెగలదు.

అలాంటి ఒక ఆదివారం, కంప్యూటరు బాగుచేసే అతను ఏదో సముద్రపు దొంగల ఆట ఎక్కించి వెళ్ళాడనీ, అందులో కొత్తవాళ్ళకు ఓడ నడపడం నేర్పుతున్నాననీ మామయ్య చెప్పాడు. నేను నవ్వాపుకోలేకపోయాను. ఆ సాయంత్రమే ఆటలో చేరాను. చెప్పకుండా చేరాను. చెబితే నా కోసం వచ్చావా, నాకేం తక్కువైందని వచ్చావు అంటాడు. అందుకని ఉప్పుచేప అని పేరు పెట్టుకుని, ఏమీ తెలియని కొత్తమనిషిలా రేవులో దిగాను. గొంతు గుర్తుపడతాడేమోనని, నా మైకు పాడైందని టైపు చేశాను.

ఆట సంగతి క్లుప్తంగా చెబుతాను. మామయ్య చెప్పడు కనుక నేనే చెప్పాలి. కొత్తగా చేరినవాళ్ళకు తెల్లజెండా ఉన్న చిన్న ఓడ ఇస్తారు. రేవులో ఆట తయారుచేసినవాళ్ళు వదిలిన ఓటిపడవలు కొన్ని తిరుగుతుంటాయి. వాటిలో ఒక్కదాన్ని ముంచితే మీ జెండా నల్లబడుతుంది, మీరు దొంగల్లో కలిసిపోతారు, కెరటాలు మీ ఓడను బయటి సముద్రంలోకి తోసేస్తాయి. వెనకే ఇనుపతలుపు పడుతుంది. మళ్ళీ రేవులోకి రానివ్వరు. ఒక మనిషికి ఒకటే ఓడ. చాలామంది చేరిన పూటే ఒక పడవ ముంచి వెళ్ళిపోతారు.

మామయ్య మాత్రం ఎన్నాళ్ళైనా రేవు దాటలేదు. ఒక్క గుండూ పేల్చలేదు. ఆయన ఓడ పేరు రెండు బ్రేకులు. తెల్లజెండా వెలిసి గోనెసంచి రంగుకొచ్చింది. పడవల గుంపుకు దూరంగా నిలబడి, కొత్తవాడెవడు కనిపించినా పక్కన చేరి పాఠం మొదలుపెట్టేవాడు.

"నమస్కారమండీ. ముందు అన్నం తిన్నారా?"

నా మొదటి పాఠం అక్కడ మొదలైంది. ఇంకా తినలేదని టైపు చేశాను. ఖాళీ కడుపుతో చుక్కాని పట్టకూడదు, వెళ్ళి తినేసి రండి, నేను ఇక్కడే ఉంటానన్నాడు. తిన్నానని అబద్ధమాడితే ఏం తిన్నారని అడుగుతాడు. ఆ పూట బిస్కెట్లతో సరిపెట్టుకుందామనుకున్నదాన్ని, లేచి పొయ్యి వెలిగించాను. వచ్చేసరికి నిజంగానే అక్కడే ఉన్నాడు.

తర్వాత లంగరు. లంగరు అంటే ఏమిటి, ఎందుకు, గొలుసు ఎటు చుట్టాలి. తర్వాత తెరచాప. తర్వాత గంట. ఎడమకు తిరిగితే ఒకసారి, కుడికి తిరిగితే రెండుసార్లు గంట కొట్టాలట. ఆటలో అలాంటి నియమమేమీ లేదు. సముద్రంలో మనమొక్కరమే ఉన్నామా అన్నాడు. ఆ తర్వాత, "వెనక చూసుకున్నారా?" అన్నాడు. నా వెనక నీళ్ళు తప్ప ఏమీ లేవు. అయినా చూశాను.

ఓడ కదిలి బండరాయి వైపు పోతుంటే మైకులో టక్‌మని చప్పుడైంది. ఏమిటా అనుకున్నాను. ఇంకాస్త దగ్గరికి పోతే టక్ టక్ టక్. అప్పుడర్థమైంది. తన గదిలో, బల్లకింద, దేనికీ తగిలించని బ్రేకును నా కోసం ఎడాపెడా తొక్కుతున్నాడు. అక్కడ నవ్వాలి. నాకెందుకో ఏడుపొచ్చింది. చాలా రోజుల తర్వాత ఎవరో నన్ను ఆపాలని చూశారు.

మర్నాడు వెళితే అన్నం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ మర్నాడూ అంతే. మిగతా కొత్తవాళ్ళకు ఓపిక ఉండేది కాదు. గంట కొట్టే పాఠం దాకా వచ్చేసరికి, అమ్మ పిలుస్తోందనో, మా ఆవిడ పిలుస్తోందనో, పిల్లలు పిలుస్తున్నారనో వెళ్ళేవాళ్ళు. లేదంటే గబుక్కున ఒక పడవ ముంచి నల్లజెండాతో బయటపడేవాళ్ళు. సాయంత్రం ముదిరేసరికి రేవులో మిగిలేది రెండు బ్రేకులూ, ఉప్పుచేపా.

నేను కూడా ఆట నేర్చేసుకుని వెళ్ళిపోతే ఆయనొక్కడే మిగులుతాడు. అది తలచుకుంటే నా ప్రాణం ఒప్పేది కాదు. ఒకసారి, ఇంత తెలిసిన మీరు బయటికి పోరేమని టైపు చేసి అడిగాను. బయట అన్నీ వచ్చినవాళ్ళే ఉంటారు, నాకేం పని అన్నాడు. అందుకని నాకేమీ రానట్టే ఉండిపోయాను. బండరాళ్ళకు గుద్దాను. తెరచాప తలకిందులుగా కట్టాను. పడవలు ఎటుంటే దానికి వ్యతిరేకంగా, ఖాళీ నీళ్ళలోకి ఫిరంగి పేల్చాను. చేపలు చచ్చుంటాయి గాని పడవ ఒక్కటీ మునగలేదు. ఒంటరి మామయ్యకు తోడుగా ఉంటున్నానని నాలో నేను మురిసిపోయేదాన్ని. పొయ్యి వెలిగించడం మాత్రం మానలేదు. ఆయన ఏం తిన్నారని అడుగుతాడు కదా.

ఒక సాయంత్రం పడవలన్నీ నా ముందు గుమిగూడాయి. వాటికి తగలకూడదని ఓడ వెనక భాగంలో ఉన్న ఫిరంగి పేల్చాను. పేల్చేముందు వెనక చూసుకోలేదు. ఇన్నాళ్ళూ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన ఆ ఒక్కటీ మరిచిపోయాను. గుంపు తప్పి నా వెనక్కి చేరిన ఒక ఓటిపడవ సరిగ్గా గుండుకు ఎదురొచ్చింది. బుడుంగుమని మునిగింది.

జెండా నల్లబడింది. బాకాలు మోగాయి. శభాష్ ఉప్పుచేపా అని తెర మీద పెద్ద అక్షరాలు పడ్డాయి. కెరటాలు నన్ను బయటికి నెట్టుకుపోతుంటే మైకులో టక్ టక్ టక్ టక్ అని ఒకటే చప్పుడు. మామయ్య బ్రేకు విరిగిపోతుందేమో అనుకున్నాను. సార్ ఇక నేను రాలేను అని టైపు చేసేలోపలే ఇనుపతలుపు పడింది. చప్పుడు ఆగిపోయింది.

బయట సముద్రం పెద్దది. ఎటు చూసినా నీళ్ళు. నేను కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. ఫోన్ తీసి, మామయ్య నంబరు దాకా వెళ్ళి, మళ్ళీ పెట్టేశాను. ఫోన్ చేసి ఏమంటాను? బాగున్నావా అంటాను. బాగానే ఉన్నానంటాడు.

అంతలో తలుపు అవతల ఒక ఫిరంగి పేలింది. ఒక్కటే గుండు. బాకాలు మోగాయి. ఇనుపతలుపు లేచింది. నల్లటి కొత్త జెండా ఎగరేసుకుని, గంట ఒకసారి కొట్టి ఎడమకు తిరిగి, రెండు బ్రేకులు తాపీగా వచ్చి నా పక్కన ఆగింది.

"వెనక చూసుకోమని ఎన్నిసార్లు చెప్పానే అమ్మడూ" అన్నాడు మామయ్య.

నా మైకు పాడైంది కదా అని టైపు చేయబోయాను. ఆ మైకుకేం రోగం లేదు, ముందు నోరు తెరువు అన్నాడు. తెరిచాను. ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"మొదటిరోజే. లంగరు కూడా తీయకుండా చుక్కాని గిరగిరా తిప్పేశావు. అలా తిప్పే మనిషి భూప్రపంచంలో ఒక్కర్తే ఉంది. దానికి నేర్పిన పాపం నాది."

"తెలిసి కూడా రోజూ మొదటి నుంచీ ఎందుకు చెప్పావు మామయ్యా?"

సీటు కిర్రుమన్న చప్పుడు వినిపించింది.

"నేర్చుకోడానికి వచ్చినవాళ్ళని ఏదో ఒక టైముకి ఇంట్లోవాళ్ళు అన్నానికి పిలుస్తారు. నిన్ను ఒక్కరోజు కూడా ఎవరూ పిలవలేదు. మధ్యలోంచి చెబితే పాఠం తొందరగా అయిపోదూ?" అన్నాడు.

నేను కళ్ళు తుడుచుకున్నాను. నీకు తోడుగా ఉందామని నేను వచ్చానని చెప్పాను. వచ్చావుగా, నేనేమైనా వద్దన్నానా, నాకు మాత్రం పొద్దుపోవద్దా అన్నాడు. రేవులో కొత్తవాళ్ళ సంగతేమిటంటే, వాళ్ళకు నీకున్నంత మొద్దుతనం లేదులే, బతికేస్తారన్నాడు. ఒక్క గుండుతో పడవ ముంచడం ఎప్పుడు నేర్చావని అడగబోయాను. అడిగితే అదీ మొదటి నుంచి చెబుతాడేమోనని ఊరుకున్నాను.

అప్పుడే ఆ సముద్రంలో అందరూ హడలిపోయే కపాలం అనే దొంగ మా మీదికి వచ్చాడు. నాలుగు వైపులా ఫిరంగులున్న ఓడ. ఉన్నదంతా ఇచ్చేయండి, లేకపోతే ముంచేస్తానని అరిచాడు. మామయ్య నమస్కారమండీ అన్నాడు. కుడికి తిరిగి వచ్చారు, గంట కొట్టలేదేమని అడిగాడు. కపాలం బిత్తరపోయాడు. దోచుకునేముందు వెనక చూసుకున్నారా అన్నాడు మామయ్య. చూసుకోలేదు. అతని వెనక నిజంగానే ఇంకో దొంగ ఓడ పొంచి ఉంది. దాంతో కపాలానికి గురి కుదిరింది. దోపిడీ వాయిదా వేసుకుని లంగరు పాఠం దగ్గర చేరాడు. వెనక పొంచి ఉన్నవాడు కూడా గంట పాఠానికి కలిశాడు.

ఇప్పుడు మీరు ఆ ఆటలో చేరితే, బయటి సముద్రంలో ఒక వింత చూస్తారు. పేరుమోసిన దొంగలు వరసగా వెళుతూ, మలుపు దగ్గర ఒకరి తర్వాత ఒకరు గంట కొడుతుంటారు. అన్నిటికంటే ముందు రెండు బ్రేకులు, పక్కన ఉప్పుచేప. దోపిడీలు బాగా తగ్గాయని విన్నాను. పాఠం ఇంకా గంట కొట్టడం దాటలేదు.

రోజూ చీకటి పడే వేళకు మైకులో మామయ్య గొంతు వినిపిస్తుంది. అమ్మడూ, అన్నానికి రావే అంటాడు. నేను పళ్ళెం తెచ్చుకుని నా గదిలో, ఆయన పళ్ళెం తెచ్చుకుని తన గదిలో, మైకులు కట్టేయకుండా తింటాం. సముద్రం మధ్యలో దొంగలందరూ లంగర్లు దించి మా కోసం ఆగుతారు. మొన్న ఆ వేళకు కపాలం మెల్లిగా గొంతు సవరించుకున్నాడు.

"సార్, నన్ను కూడా మా అమ్మ పిలుస్తోంది. కుర్చీలోంచి లేచేముందు కూడా వెనక చూసుకోవాలా?"