అమ్మ మోకాళ్ల కింది గోనె

చలికాలం తెల్లవారుజామున మా అమ్మ ఖాళీ బియ్యం గోనె మడిచి, వంటింటి మూల రాతి నేల మీద వేసుకుని ప్రార్థనకు మోకరిల్లేది. బరంపురంలో మా వర్తకుల వీధిలో ఏసును నమ్మింది ఆవిడొక్కతే. మద్రాసులో చదివొచ్చిన పొగరుతో నేను నవ్వేవాణ్ణి.

“ఎవుడింటాడే అమ్మా?”

“నీకేటి తెలుసు? సలిగున్నాది, కంబళి కప్పుకోరా.”

ఆవిడ చనిపోయిన ఏడాది డిసెంబరులో, మా బియ్యం కొట్లో గోనెలు చాలక, ఆవిడ మోకరిల్లే గోనెను కూడా బియ్యంతో నింపి ఛత్రపురం రైలెక్కించేశాను. రైలు కదిలాక గుర్తొచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున, వంటింట్లో వట్టి రాతి మీద మోకాళ్లు ఆనిన చప్పుడు. వెళ్లి చూస్తే ఎవరూ లేరు. ఎలకలే అనుకుని పడుకున్నాను. మళ్లీ అదే చప్పుడు.

దేవుడు లేడని ఇప్పటికీ వాదిస్తాను. చలికాలం వస్తే మాత్రం నా కంబళి ఆ మూల పరిచి, నేను ఏమీ కప్పుకోకుండా నా మంచం మీద వణుకుతూ పడుకుంటాను.