పాకం చూసినవాళ్లు

ఈ రోజు సాయంత్రం బండికి పెనుకొండ నుంచి మా ఆయన అక్క వచ్చింది. హిందూపురం బెల్లం మండీ పక్కన పుట్టినదానికి పాకం పట్టడం రాదా అని పోయినసారి నన్ను నవ్వుతూనే దెప్పిపోయిన వదిన. అందుకే మధ్యాహ్నమే కట్టెల పొయ్యి వెలిగించి బెల్లపు శనక్కాయ విత్తనాలు చేయడానికి కూర్చున్నాను.

విత్తనాలు వేయించి, పొట్టు చెరిగి, శొంఠి, యాలకులు, కాస్త కారంపొడి పక్కన పెట్టుకున్నాను. పాకం వచ్చిందో లేదో చూడాలని పళ్లెంలో నీళ్లు పోసి ఒక చుక్క వేశాను. మా అత్త దాన్ని ఉండ చేసి నోట్లో వేసుకుని, "ఇంగా రాలేదమ్మే" అంది. మామ ఇంకో ఉండ తిని, "ఇంగా రవ్వంత కాగల్ల" అన్నాడు. మా ఆయన ఎన్ని తిన్నా తేల్చలేకపోయాడు. నేను విత్తనాలు కలిపేసరికి పాకం వాటిలో సగానికి కూడా అంటలేదు.

సాయంత్రం వదిన వచ్చి నాలుగు గింజలు నమిలి, "బెల్లం యాడబోయింది?" అంది. ముగ్గురూ మూడు గోడల వైపు చూశారు.

"అందరూ పాకం చూసినారు వదినా" అన్నాను.

ఆమె ఇంకో గుప్పెడు తీసుకుంది. "మా అమ్మ చేసినా ఇట్లనే ఉంటాండె. అప్పుడు పాకం చూసేదాన్ని నేనే. రేపు మల్లా పెట్టు, ఈణ్ణే ఉంటా గదా, నేను చూస్తా."

మీ ఇళ్లలో పాకం చూసే పెద్దలు ఎందరో చెప్పండి. మా ఇంట్లో రేపటికి ఇంకొకరు చేరారు.